మందు మెత్తబడింది, బీపీ గీత కిందికి జరిగింది

బీపీ 134/84 ఉన్న మనిషి రోగి అవునా, కాదా? అమెరికా హృద్రోగ సంఘాలు 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అవును. 130/80కి చేరితే చాలు, వారి లెక్కలో అది అధిక రక్తపోటే. యూరప్ హృద్రోగ నిపుణులను అడిగితే కాదంటారు. అక్కడ గీత ఇప్పటికీ 140/90 దగ్గరే ఉంది. కొలత ఒకటే, తీర్పులు రెండు. ఇదేదో నిపుణుల మధ్య పంతం అనుకోవడానికి లేదు. ఈ గీత మొదటి నుంచీ కదులుతూనే వచ్చింది. రక్తపోటు ఎంత హాని చేస్తుందన్నది ఒక్కటే దాన్ని కదిలించలేదు. వైద్యుడి చేతిలో ఉన్న మందు ఎంత హాని చేస్తుందన్నదీ అంతే బలంగా కదిలించింది.

కొలవడం తెలిసి చాలా కాలమైంది. 1733లో ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు ఒక గుర్రం ధమనిలో గొట్టం దూర్చి, అందులో రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకడం తాను చూసిన సంగతిని ప్రచురించాడు. మనిషి చేతికి పట్టీ చుట్టి, గాలి నింపి కొలిచే పరికరాన్ని 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి తెచ్చాడు. స్టెతస్కోపుతో చప్పుడు విని పై అంకెనూ కింది అంకెనూ విడివిడిగా చెప్పే పద్ధతి 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ చూపించాడు. ఈ అంకెల విలువను బాగా ముందుగా పట్టుకున్నది జీవిత బీమా కంపెనీలు. పోటు ఎక్కువున్నవారు త్వరగా చనిపోతున్నారని వారి ఖాతా పుస్తకాలే చెప్పాయి. వైద్యులు మాత్రం చాలాకాలం ఆ మాట నమ్మలేదు.

నమ్మకపోవడానికి వారికి ఒక కారణం ఉంది. వయసుతో రక్తనాళాలు గట్టిపడి ఇరుకవుతాయి. వాటి గుండా మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం చేరాలంటే పోటు పెరగక తప్పదు, అది శరీరం చేసుకున్న ఏర్పాటు, దాన్ని తగ్గిస్తే అవయవాలకు రక్తం అందదు. ఇదీ నాటి వాదన. 1931లో బ్రిటన్ వైద్య ఆచార్యుడు జాన్ హే ఇంకా ఘాటుగా చెప్పాడు. పోటు ఉన్న మనిషికి అసలు ప్రమాదం అది బయటపడటంలోనే ఉందట. ఎందుకంటే ఎవరో ఒక మూర్ఖుడు దాన్ని తగ్గించడానికి పూనుకోక మానడు. ఇప్పుడు చదివితే నవ్వు వస్తుంది కాని, ఆ రోజుల్లో తగ్గించడానికి ఉన్న మార్గాలు చూస్తే ఆ మాటలో కొంత వివేకం కూడా కనిపిస్తుంది.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కథ ఆ నిస్సహాయతకు పెద్ద ఉదాహరణ. 1944 మార్చిలో హృద్రోగ వైద్యుడు హొవార్డ్ బ్రూయెన్ పరీక్షించినప్పుడు ఆయన బీపీ 186/108, గుండె అప్పటికే దెబ్బతిని ఉంది. ప్రపంచ యుద్ధాన్ని నడుపుతున్న దేశాధినేతకు ఆనాటి వైద్యం ఇవ్వగలిగింది గుండెకు డిజిటాలిస్, ఉప్పు తగ్గించిన భోజనం, విశ్రాంతి, నరాలు నెమ్మదించే మందు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై ఆయన మరణించాడు. ఆ రోజు స్పృహ తప్పాక కొలిచిన బీపీ 300/190. ఇది ఊహించని పిడుగుపాటు అని ఆయన సొంత వైద్యుడు ప్రకటించాడు. ఏడాది పాటు రాసిన అంకెలు మాత్రం ఆ మాటను బలపరచవు.

అప్పట్లో అందుబాటులో ఉన్న తీవ్ర చికిత్సలు రోగం కన్నా ఎక్కువ భయపెట్టేవి. వెన్నెముక పక్కన ఉండే నాడుల గొలుసును కోసి తీసేసే శస్త్రచికిత్స ఉండేది. తరువాత మనిషి లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోయేవాడు. వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు అన్నం, పండ్లు, చక్కెర తప్ప దాదాపు ఏమీ లేని ఆహారం పెట్టి కొందరిలో నిజంగానే పోటు దించాడు, కాని నెలల తరబడి దానికి కట్టుబడి ఉండగలిగినవారు తక్కువ. 1950 ప్రాంతంలో హెక్సామిథోనియం వచ్చింది. సూదిమందుగా ఇచ్చేవారు. అసంకల్పిత నాడులన్నింటినీ ఒకేసారి ఆపేయడంతో పోటు పడిపోయేది. దాంతోపాటు నోరు ఎండిపోవడం, చూపు మసకబారడం, మలమూత్రాలు బిగదీయడం, లైంగిక శక్తి పోవడం కూడా జరిగేవి. అందుకే ఆ మందు ఇచ్చింది ప్రాణాంతక దశకు చేరిన రోగులకే. కంటి వెనుక పొర వాచి, మూత్రపిండాలు చెడి, ఏడాది రెండేళ్లకు మించి బతకరని తెలిసినవారికి ఎంత బాధైనా లాభమే. పోటు 170 ఉండి హాయిగా తిరుగుతున్న మనిషికి ఆ సూది పొడిచే ధైర్యం ఏ వైద్యుడికీ లేదు, ఉండకూడదు కూడా. అప్పటి గీత అంత ఎత్తున ఉండటానికి కారణం ఇదే.

మొదటి మెత్తని మందు ఒక వేరు నుంచి వచ్చింది. సర్పగంధను మన దేశంలో నిద్రకూ మనసు కుదుటపడటానికీ తరతరాలుగా వాడుతున్నారు. బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ దాన్ని తన రోగులకు ఇచ్చి, పోటు తగ్గిన తీరును 1949లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించాడు. పాశ్చాత్య వైద్యం అటు తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ పరిశోధకులు ఆ వేరులోంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. నాడుల చివర నిల్వ ఉండే రసాయనాలను అది ఖాళీ చేస్తుంది, నాళాల బిగువు సడలుతుంది. మోతాదు ఎక్కువైతే కొందరు దిగులులో కూరుకుపోయారు. అలా మనసుకూ మెదడు రసాయనాలకూ ఉన్న సంబంధం మీద పరిశోధనకు ఊతమిచ్చింది కూడా ఈ బీపీ మాత్రే.

అసలు మలుపు 1957, 58లలో వచ్చింది. సూక్ష్మజీవులను అణచే సల్ఫా మందులు వాడినవారిలో మూత్రం తీరు మారుతోందని అంతకుముందే గమనించారు. మెర్క్ కంపెనీలో కార్ల్ బేయర్ బృందం ఆ ఆధారం పట్టుకుని రసాయనాలను మార్చుకుంటూ పోయి క్లోరోథయజైడ్‌ను తయారుచేసింది. మూత్రపిండాలు ఉప్పును వెనక్కి పీల్చుకోకుండా ఇది అడ్డుపడుతుంది. ఉప్పుతో పాటు నీరూ పోతుంది. కొన్ని వారాలకు ఒంట్లో నీరు దాదాపు మామూలు స్థాయికి వచ్చినా, రక్తనాళాలు సడలి ఉండటంతో పోటు తక్కువగానే నిలుస్తుంది. దోషాలు లేవని కాదు. పొటాషియం పడిపోతుంది, యూరిక్ ఆమ్లం, చక్కెర కొద్దిగా పెరుగుతాయి. పైగా తొలి రోజుల్లో ఇచ్చిన మోతాదులు ఇప్పటివాటికి ఎన్నో రెట్లు. అయినా సూది లేదు, కోత లేదు, నిలబడితే పడిపోవడం లేదు. పొద్దున ఒక మాత్ర మింగి పనికి పోవచ్చు. ఒంట్లో ఏ బాధా తెలియని మనిషికి మందు ఇవ్వవచ్చా అని అడగడానికి తగిన మందు చరిత్రలో మొదటిసారి చేతికొచ్చింది.

ఆ ప్రశ్నకు జవాబు రాబట్టినవాడు ఎడ్వర్డ్ ఫ్రీస్. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఆయన నడిపిన పరీక్షను ఈ చరిత్ర మొత్తానికి నడిబొడ్డు అనవచ్చు. కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది పురుషులను తీసుకుని, సగం మందికి థయజైడ్, రిసర్పిన్, నాళాలను సడలించే హైడ్రలజీన్ కలిపి ఇచ్చారు. మిగతావారికి చూడటానికి అలాగే ఉండే ఉత్త మాత్రలు. ఎవరికి ఏవి వెళ్లాయో రోగికీ వైద్యుడికీ తెలియదు. అంతకన్నా ముందు ఒక చిన్న ఉపాయం చేశారు. మాత్రల్లో రైబోఫ్లేవిన్ అనే విటమిన్ కలిపి, మింగినవారి మూత్రం ప్రత్యేక కాంతిలో మెరుస్తుందో లేదో చూసి, మాత్రలు సరిగా వేసుకోనివారిని మొదట్లోనే పక్కన పెట్టారు. బాధ లేని రోగి మందు మానేస్తాడని ఫ్రీస్‌కు అప్పుడే తెలుసు. ఫలితం 1967లో వచ్చింది. ఉత్త మాత్రల వర్గంలో 27 మందికి తీవ్రమైన ఉపద్రవాలు ఎదురుకాగా, మందు వాడినవారిలో అవి ఇద్దరికే. సగటున ఏడాదిన్నరలోనే అంత తేడా! 1970లో కింది అంకె 90 నుంచి 114 మధ్య ఉన్న 380 మంది ఫలితాలు ప్రకటించారు. అయిదేళ్లలో ఉపద్రవం వచ్చే అవకాశం 55 శాతం నుంచి 18 శాతానికి దిగింది. జాన్ హే వర్ణించిన మూర్ఖుడికి ఇన్నాళ్లకు న్యాయం జరిగింది. రెండేళ్లకు అమెరికా ప్రభుత్వం దేశమంతటా బీపీ పరీక్షల ప్రచారం మొదలుపెట్టింది.

ఇక మందుల వరస. గుండెనొప్పి కోసం జేమ్స్ బ్లాక్ కనిపెట్టిన ప్రొప్రనొలాల్ పోటునూ తగ్గిస్తుందని 1964లో బయటపడింది. బీటా బ్లాకర్లు అనే ఈ జాతి మందులు దశాబ్దాల పాటు ముందు వరసలో ఉండి, పక్షవాతాన్ని ఆపడంలో ఇతర మందులకన్నా వెనుకబడ్డాయని తేలాక బీపీకి మాత్రమే వాడే సందర్భాల్లో వెనక్కి తగ్గాయి. మినాక్సిడిల్ కూడా బీపీ మాత్రగానే పుట్టింది. వేసుకున్నవారికి ఒళ్లంతా వెంట్రుకలు మొలవడంతో చివరికి బట్టతల మందుగా స్థిరపడింది.

పాము విషం నుంచి వచ్చిన మందు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మూత్రపిండాల్లో పోటు పెంచే పదార్థం, రెనిన్, ఉందని 1898లోనే స్వీడన్‌లో తేలినా ఎవరూ పట్టించుకోలేదు. 1934లో హారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండాలకు వెళ్లే ధమనిని బిగించి పోటు పెంచి చూపాక ఆ పరిశోధనకు మళ్లీ ప్రాణం వచ్చింది. రెనిన్ చివరికి యాంజియోటెన్సిన్ అనే, నాళాలను బిగించే పదార్థానికి దారితీస్తుంది. 1960లలో బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరేరా అక్కడి జరరాకా అనే పాము విషంలో, నాళాలను సడలించే బ్రాడికైనిన్ ప్రభావాన్ని పెంచే పదార్థాన్ని కనుగొని, లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు తీసుకువెళ్లాడు. యాంజియోటెన్సిన్‌ను తయారుచేసే ఎంజైమును కూడా అదే అడ్డుకుంటుందని అక్కడ తెలిసింది. విషంలోని ఆ పదార్థం నోటితో మింగితే పనిచేయదు. స్క్విబ్ కంపెనీలో కుష్మన్, ఒండెట్టి ఎంజైము ఆకృతిని ఊహించుకుని, దానికి సరిపోయే చిన్న అణువును కల్పించారు. అదే కాప్టోప్రిల్.

1981లో అది అమెరికా మార్కెట్‌లోకి వచ్చినప్పుడు, మరే మందుకూ లొంగని రోగులకే అని షరతు పెట్టారు. ఎందుకంటే పరీక్షల్లో ఇచ్చిన భారీ మోతాదులకు దద్దుర్లు, నాలుకకు రుచి పోవడం, మూత్రంలో ప్రొటీన్ కనిపించాయి. తరువాత మోతాదు తగ్గించి చూస్తే పోటు తగ్గుదల దాదాపు అలాగే ఉంది, దోషాలు చాలావరకు పోయాయి. షరతూ పోయింది. అదే మందు, మోతాదు మారగానే లక్షల మందికి తగినదైంది. మిగిలింది పొడిదగ్గు. ఆ ఎంజైమును ఆపితే బ్రాడికైనిన్ పేరుకుంటుంది, కొందరికి దగ్గు రావడానికి అది ఒక ముఖ్య కారణం. యాంజియోటెన్సిన్ వెళ్లి అతుక్కునే చోటునే మూసేసే లోసార్టాన్ 1995లో వచ్చాక ఆ ఇబ్బందీ తగ్గింది. గర్భిణులకు ఈ రెండు రకాలూ నిషిద్ధం.

కాల్షియంను అడ్డుకునే మందులు నేర్పిన పాఠం ఖరీదైనది. వాటిలో ఒకటైన నిఫెడిపిన్ గొట్టం మాత్రను (క్యాప్సూల్‌ను) చీల్చి నాలుక కింద వేసి నిమిషాల్లో పోటు దించడం ఒకప్పుడు ఆసుపత్రుల్లో మామూలు. అలా ఒక్కసారిగా దించితే కొందరికి పక్షవాతం, గుండెపోటు రావడంతో 1990లలో ఆ అలవాటు మానాలని నిపుణులు గట్టిగా చెప్పారు. రక్తం అందదన్న పాతకాలపు భయం పూర్తిగా తప్పు కాదు, వేగం విషయంలో అది నిజమే. రక్తంలో ఒకటి రెండు రోజులు నిలిచి మెల్లగా పనిచేసే, అదే జాతి ఆమ్లోడిపిన్ ఇప్పుడు ఆ స్థానంలో ఉంది.

ఈలోగా గీత వృద్ధులవైపు కూడా జరిగింది. వయసుకు వంద కలిపితే వచ్చే పై అంకె మామూలే అని వైద్యులు చాలాకాలం చెప్పేవారు. అరవై దాటి, పై అంకె మాత్రమే ఎక్కువున్న 4,736 మందిపై చేసిన అధ్యయనంలో మందు పక్షవాతాన్ని 36 శాతం తగ్గించిందని 1991లో తేలింది. ఎనభై దాటినవారికీ మేలే అని 2008లో మరో అధ్యయనం చెప్పింది. ఏ మందు మేలన్న పోటీలో 2002 నాటి భారీ అమెరికా అధ్యయనం కంపెనీలకు చేదుగుళిక మింగించింది. కొత్తవైన ఆమ్లోడిపిన్, కాప్టోప్రిల్ జాతికి చెందిన లిసినోప్రిల్‌లలో ఏదీ ప్రాణాంతక గుండెజబ్బును ఆపడంలో పాతకాలపు చవక థయజైడ్ జాతి మాత్రను మించలేదు.

మందును ఇంకా మెత్తబరచడం ఎలాగన్నది తరువాతి ఆలోచన. ఒక మందు మోతాదును రెట్టింపు చేస్తే పోటు మరికొంత తగ్గుతుంది, దోషాలు మాత్రం బాగా పెరుగుతాయి. వేర్వేరు దారుల్లో పనిచేసే రెండింటిని తక్కువ మోతాదులో కలిపితే ఫలితం ఎక్కువ, బాధ తక్కువ. రెండు మందులు ఒకే మాత్రలో ఉండే రకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అదే సంస్థ లెక్క ప్రకారం అధిక రక్తపోటు ఉన్న పెద్దల్లో దాదాపు సగం మందికి అది ఉన్నట్టే తెలియదు, అదుపులో ఉన్నవారు అయిదుగురిలో ఒకరు. మందుల కొరత తీరిన రోజుల్లో కూడా పరిస్థితి ఇది.

130 గీతకు బలమిచ్చింది 2015లో స్ప్రింట్ అధ్యయనం. మధుమేహం లేని, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న 9,361 మందిలో కొందరికి పై అంకె 140 లోపు, కొందరికి 120 లోపు లక్ష్యంగా పెట్టారు. 120 వర్గంలో గుండెజబ్బులు, పక్షవాతం వంటివి పావువంతు తగ్గాయి, మరణాలూ తగ్గాయి. కళ్లు తిరిగి పడిపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం పెరిగాయి. అంటే మందు ఎంత మెత్తబడ్డా, గీతను దించుతూ పోతే ఎక్కడో ఒకచోట దాని కాఠిన్యం మళ్లీ పైకి తేలుతుంది. యూరప్ జాగ్రత్తకు అది ఒక కారణమైతే, కొలిచిన పద్ధతి ఇంకొకటి. స్ప్రింట్‌లో రోగిని అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోబెట్టి, యంత్రంతో మూడుసార్లు కొలిచి సగటు తీశారు. రద్దీగా ఉండే ఆసుపత్రిలో హడావుడిగా కొలిస్తే అదే మనిషికి అంకె ఎక్కువే వస్తుంది. ఆ రద్దీ అంకెను 120కి దించాలని మాత్రలు పెంచితే అసలు పోటు ఇంకా కిందికి పడిపోవచ్చు. అందుకే మందు మొదలుపెట్టే ముందు ఇంట్లో కొలిచిన అంకెలు కూడా చూడాలని ఇప్పుడు రెండు వైపుల నిపుణులూ అంటున్నారు. ఆసుపత్రిలో 140/90కి ఇంటి కొలతలో సమానం 135/85 అన్నది యూరప్ లెక్క.