సర్వర్ పెంచితే సరిపోతుందా? సాఫ్ట్‌వేర్ వేగం, టెస్టింగ్ మీద అపోహలు - వాస్తవాలు

కర్నూలు, ఆదోని మార్కెట్ యార్డుల చుట్టుపక్కల కమీషన్ దుకాణాలకు, జిన్నింగ్ మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చే పని మాది. పత్తి సీజన్‌లో ధరలు తేలగానే అందరూ ఒకేసారి కంప్యూటర్ల మీద పడతారు. కాటా తూకాలు ఎక్కించాలి, హమాలీ ఖర్చులు తీసేయాలి, రైతు చేతికి లెక్క చీటీ ఇవ్వాలి, బయట ఆయన బండి కిరాయి మీద ఆగి ఉంటుంది. ఆ గంటన్నరలో సాఫ్ట్‌వేర్ ఎట్లా నడిచిందన్నదే మాకు లెక్క, మిగతా రోజంతా ఎంత వేగంగా ఉన్నా దుకాణం వాళ్లకు దానితో పనిలేదు. ఈ ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలు, మా కస్టమర్లు కూడా, కొన్ని నమ్మకాలు గట్టిగా పట్టుకుని ఉంటారు. తరచూ ఎదురయ్యేవి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: స్లోగా ఉందంటే సర్వర్ చాలట్లేదు, పెద్దది తీసుకుంటే సరి.

"ఏందప్పా, రోజూ పదకొండుకే తిరుగుతా కూసుంటాది" అని దుకాణం నుంచి ఫోన్ రాగానే అందరికీ ముందు తట్టే మందు ఇదే. కానీ టైం ఎక్కడ పోతోందో కొలవకుండా సర్వర్ పెంచితే చాలాసార్లు పెరిగేది నెల బిల్లు మాత్రమే. మేం ఎక్కువగా చూసే కేసు చెప్తాను. ఆ రోజు లాట్ల (రైతులు అమ్మకానికి తెచ్చిన సరుకు కుప్పల) లిస్టు తెరుస్తారు, 200 లాట్లు ఉన్నాయి. ప్రోగ్రాం ఒక క్వెరీతో, అంటే డేటాబేస్‌ను అడిగే ఒక ప్రశ్నతో, లాట్లన్నీ తెస్తుంది, ఆ తర్వాత రైతు పేరు కోసం ఒక్కో లాట్‌కు మళ్లీ ఒక్కో క్వెరీ వేస్తుంది, మొత్తం 201. రాసినతని ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ అదే మెషీన్‌లో ఉంటుంది, టెస్ట్ డేటాలో పది ఇరవై లాట్లే ఉంటాయి, పేజీ టక్కున వచ్చేస్తుంది. దుకాణంలోని కంప్యూటరేమో ముంబైలో ఉన్న డేటాబేస్‌ను అడగాలి, ఒక్కో క్వెరీ వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, 201 సార్లకు 8 సెకన్లు. ఆ 8 సెకన్లలో సర్వర్ చేసిన పని దాదాపు ఏమీ లేదు, టైమంతా దారిలోనే పోయింది. ప్రాసెసర్ రెట్టింపు చేసినంత మాత్రాన దారి తగ్గదు. లాట్ల టేబుల్‌నూ, రైతుల టేబుల్‌నూ జాయిన్ చేసి (కలిపి) ఒకే క్వెరీ రాస్తే 201 రాకపోకలు ఒక్కటవుతాయి. ఇది పట్టుకోవడానికి పెద్ద టూల్స్ కూడా అక్కర్లేదు, ఒక పేజీ తెరిస్తే ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయో లాగ్‌లో చూడండి చాలు.

సర్వర్ నిజంగానే చాలని రోజులు లేవని కాదు. అప్పుడు కూడా ఆలస్యం మనం అనుకున్నంత నెమ్మదిగా పెరగదు. ఎప్పుడు ఎన్ని వస్తాయో తెలియని రిక్వెస్టులు ఒకే క్యూలో నిలబడే మామూలు లెక్కలో, సర్వర్ సగం బిజీగా ఉంటే ఒక్కో పనికి, ఖాళీగా ఉన్నప్పటికంటే రెట్టింపు టైం పడుతుంది, 80 శాతానికి 5 రెట్లు, 90కి 10 రెట్లు, 95కి 20 రెట్లు. నిన్నటిదాకా బాగానే ఉండి, ఇవాళ నాలుగు దుకాణాలు ఎక్కువ రాగానే ఒక్కసారిగా కూలబడినట్టు అనిపించడానికి కారణం ఇదే. సీపీయూ ఇంకా పది శాతం ఖాళీగా ఉందిగా అని ధీమాగా ఉండొద్దు.

అపోహ: సగటు రెస్పాన్స్ టైం సెకను లోపే ఉంది, టెన్షన్ ఏమీ లేదు.

సగటు చూసి నిద్రపోయే టీములంటే నాకు భయం. 100 రిక్వెస్టుల్లో 95కి 0.2 సెకన్లు, మిగిలిన 5కి 12 సెకన్లు పట్టాయనుకోండి, సగటు 0.79 వస్తుంది, రిపోర్టులో చక్కగా కనిపిస్తుంది. ఆ ఐదు ఎవరివో చూడండి. మా అనుభవంలో అవి దాదాపు ఎప్పుడూ పెద్ద దుకాణాలవే, ఎందుకంటే లాట్లు ఎక్కువ, పాత లెక్కలు ఎక్కువ, డేటా ఎక్కువ ఉన్నవాళ్లకే స్లో అవుతుంది. అంటే మన సాఫ్ట్‌వేర్‌ను అందరికంటే ఎక్కువ వాడే మనిషికే అది అందరికంటే అధ్వానంగా నడుస్తోంది. సగటు పక్కనపెట్టి 99వ పర్సెంటైల్, అంటే 100లో 99 రిక్వెస్టులు ఎంత టైం లోపు పూర్తయ్యాయో చూడండి, అదీ రోజు మొత్తానికి కాదు, రద్దీ గంటకు విడిగా.

అపోహ: టెస్ట్ కవరేజ్ 100 శాతం వచ్చింది, ఇక బగ్స్ ఉండవు.

కవరేజ్ చెప్పేది టెస్టులు నడిపినప్పుడు కోడ్‌లోని ఆ లైను ఒకసారి నడిచిందని మాత్రమే, ఏ డేటాతో నడిచిందో చెప్పదు. మన ఫోన్లన్నిటిలో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను తీసుకోండి, అందులో ప్రతి బ్రాంచీకీ, అంటే కోడ్ దారి చీలే ప్రతి చోటుకీ, టెస్ట్ ఉంది, అంత కఠినంగా టెస్ట్ చేసే ప్రాజెక్టులు బహు తక్కువ. అయినా 2015లో ఏఎఫ్ఎల్ అనే ఫజ్జర్ అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు ఇస్తూ పోతే అందులోనూ ఇరవైకి పైగా బగ్స్ బయటపడ్డాయి.

మన దగ్గరి డేటాతోనే ఒకటి చూద్దాం. రైతు పేరు కాలమ్‌ను ఒరాకిల్ డేటాబేస్‌లో వార్‌చార్2(50), అంటే 50 వరకు పట్టే టెక్స్ట్, అని పెట్టారు. సెట్టింగ్ మార్చకపోతే ఆ 50 అక్షరాలు కాదు, బైట్లు. టెస్టులన్నిటిలో పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, అక్షరానికి ఒక బైట్, అన్నీ పాస్. ఇప్పుడు "పెద్ద వెంకటేశ్వర్లు" అని తెలుగులో టైప్ చేయండి. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతానికీ, పొల్లుకీ విడివిడిగా మూడేసి బైట్లు. పెద్దకు 15, ఖాళీకి 1, వెంకటేశ్వర్లుకు 39, మొత్తం 55. సేవ్ కాదు. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఒకాయన పేరు ముందు పెద్ద అని చేర్చడం మనకు మామూలే, అది కవరేజ్ రిపోర్టుకు ఎలా తెలుస్తుంది? అందుకే టెస్ట్ రాసే పిల్లలను సీజన్‌లో ఒక పూట యార్డులో కూర్చోమంటాను. వాళ్లు చూసొచ్చిన పేర్లు, తూకాలు, రద్దయిన లాట్లే తర్వాత మంచి టెస్టులవుతాయి.

అపోహ: నెట్‌వర్క్ పోతే మళ్లీ ట్రై చేసేలా పెడితే చాలు.

రిట్రై అవసరమే, మన దగ్గర సిగ్నల్ సంగతి అందరికీ తెలిసిందే. కానీ యాప్ మూడుసార్లు, మధ్యలో రిక్వెస్టులను దాటించే గేట్‌వే మూడుసార్లు, దాని వెనక సర్వీస్ మూడుసార్లు ట్రై చేసేలా పెడితే, గుమాస్తా ఒక్కసారి నొక్కినదానికి డేటాబేస్ మీద 27 దెబ్బలు పడొచ్చు, అదీ అది ఇప్పటికే తిప్పలు పడుతున్న టైంలో. ఒక్క లేయర్‌లోనే రిట్రై పెట్టండి, ప్రతిసారీ గ్యాప్ పెంచండి, అందరూ ఒకే క్షణంలో తిరిగి రాకుండా ఆ గ్యాప్‌లో కొంత యాదృచ్ఛికత కలపండి. ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. మొదటిసారే సేవ్ అయిపోయి, జవాబు మాత్రం దారిలో పోయి ఉండొచ్చు. అప్పుడు రిట్రై చేస్తే ఒకే తూకానికి రెండు బిల్లులు. ఫారం తెరిచినప్పుడే ఒక ప్రత్యేక నంబరు పుట్టించి, అదే నంబరు రెండోసారి వస్తే కొత్త బిల్లు చేయకుండా పాత జవాబే తిరిగి ఇచ్చేలా రాయాలి. డబ్బు లెక్కలున్న చోట ఇది లేకుండా రిట్రై పెట్టకండి.

అపోహ: కోడ్ ముట్టుకోలేదు, సెట్టింగ్స్ ఫైలే కదా మార్చింది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపింది కూడా కొత్త ప్రోగ్రాం కాదు, ఒక కంటెంట్ ఫైలే. ఉన్న ప్రోగ్రాం 20 విలువలు ఇస్తుంటే ఆ ఫైలు 21వ దాని కోసం చూసింది, సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. కోడైనా, సెట్టింగైనా ముందు ఒకటి రెండు దుకాణాలకు ఇచ్చి, ఒక రద్దీ పూట గడిచాకే మిగతావాళ్లకు ఇవ్వండి.

అపోహ: 99.9 శాతం అప్‌టైం అంటే ఆగనట్టే.

మిగిలిన ఆ 0.1 శాతం, అంటే ఆగే టైం, 30 రోజుల నెలలో 43 నిమిషాలు. రాత్రి రెండింటికి పోతే ఎవరికీ తెలియదు, అవే 43 నిమిషాలు యార్డు రద్దీలో పోతే ఆ రోజు వ్యాపారం పోయినట్టే. పైగా ఒక బిల్లు తయారవడానికి అలాంటి 99.9 సర్వీసులు ఐదు పనిచేయాలంటే మొత్తం మీద మిగిలేది 99.5, అంటే నెలకు మూడున్నర గంటల పైమాట.

అపోహ: రోజూ బ్యాకప్ తీస్తున్నాం, డేటా ఎక్కడికీ పోదు.

ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సర్వీస్ గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న మెషీన్‌లోనే డేటా తీసేశారు. రోజువారీ బ్యాకప్ కోసం వెతికితే అక్కడ ఫైళ్లే లేవు. బ్యాకప్ తీసే టూల్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్ వేరు కావడంతో అది ఫెయిలవుతూ వచ్చింది, ఫెయిలైందని చెప్పాల్సిన మెయిళ్లు కూడా చేరలేదు. చివరికి సుమారు ఆరు గంటల కిందటి కాపీతో నిలబడ్డారు. ఇదంతా దాచకుండా వాళ్లే బయటపెట్టారు, ఆ పనికి నాకు వాళ్లంటే చాలా గౌరవం.

బ్యాకప్ ఉందని ఎవరైనా చెప్తే నేను అడిగేది ఒక్కటే, చివరిసారి దాన్ని వేరే మెషీన్ మీద ఎప్పుడు ఎక్కించి చూశారు? నెలకోసారైనా ఎక్కించండి. నిన్నటి చివరి బిల్లు నంబరు అందులో ఉందో లేదో చూడండి, ఏదో ఒక రైతు ఖాతా తెరిచి నిల్వ సరిపోల్చండి, మొత్తం ఎక్కడానికి ఎంత సేపు పట్టిందో రాసిపెట్టుకోండి. అది నాలుగు గంటలైతే, సీజన్‌లో సర్వర్ పోయిన రోజు దుకాణాలు నాలుగు గంటలు చేత్తో చీటీలు రాసుకోవాలని ముందే వాళ్లకు చెప్పి, ఖాళీ చీటీ పుస్తకాలు అక్కడ పెట్టించండి.