కవ్వం బరువు తగ్గితే కారు పరుగు పెరుగుతుందా?

హైదరాబాద్ వనస్థలిపురం ఆటోనగర్‌లో లారీ కింది నుంచి దించిన ప్రొపెల్లర్ షాఫ్టును, అంటే ఇంజను శక్తిని వెనుక చక్రాలకు చేర్చే పొడవాటి గొట్టాన్ని చూస్తే, ఇంత ఇనుమును తిప్పడానికి ఇంజను ఎంత శ్రమపడుతోందో అనిపిస్తుంది. వేగం కోసం కారుకు మార్పులు చేయించే కుర్రవాళ్లు తేలిక షాఫ్టు మీద మనసు పడేది ఇందుకే. లెక్క మాత్రం వేరే మాట చెబుతుంది.

తిరిగే వస్తువులో బరువు ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, అది ఇరుసుకు ఎంత దూరంలో ఉందో చూడాలి. దూరం రెట్టింపైతే తిప్పే శ్రమ నాలుగింతలవుతుంది. తిరగలి రాయిని కదపడానికి భుజబలం కావాలి. కవ్వం సన్నగా ఉంటుంది కనుక సులువుగా తిరుగుతుంది. కారులో చక్రం తిరగలి, షాఫ్టు కవ్వం.

పది కిలోల ఉక్కు షాఫ్టు, దాని గొట్టం వ్యాసార్ధం మూడున్నర సెంటీమీటర్లు అనుకుందాం. అది చక్రం కంటే మూడున్నర రెట్లు వేగంగా తిరిగినా, ఆ తిరుగుడు వల్ల కారుకు అదనంగా పడే భారం సుమారు ఒకటిన్నర కిలోలతో సమానం. అదే ఇరవై కిలోల చక్రం ఒక్కొక్కటీ పన్నెండు కిలోల అదనపు భారం మోపుతుంది. షాఫ్టు బరువును సగానికి తగ్గించినా, 1500 కిలోల కారులో మొత్తం లాభం ఆరు కిలోలకు మించదు. ఆరు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకునే కారుకు కలిసొచ్చేది సెకనులో దాదాపు నలభయ్యో వంతు. పైగా మన నగరంలో తిరిగే చిన్న కార్లలో చాలావాటిలో ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది కాబట్టి, ఈ పొడవాటి షాఫ్టే ఉండదు.

అయితే తేలిక షాఫ్టు దండగ అనను. దాని అసలు ఉపయోగం మరోచోట ఉంది. పొడవైన గొట్టం ఒక వేగం దాటితే తాడాటలో తాడులా మధ్యలో వంగి ఊగుతుంది. దానిని సందిగ్ధ వేగం అంటారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల వేగంలో మన లెక్కలోని షాఫ్టు నిమిషానికి సుమారు 3500 చుట్లు తిరుగుతుంది. రేసు ట్రాక్ మీద అది రెట్టింపు కావచ్చు. గొట్టం పొట్టిదైతే సందిగ్ధ వేగం పెరుగుతుంది. అందుకే పొడవాటి షాఫ్టును రెండు ముక్కలు చేసి నడుమ ఆసరాగా సెంటర్ బేరింగ్ పెడతారు.

ఇక్కడే నాకు ఎంతో నచ్చే విషయం ఒకటుంది. అల్యూమినియం తేలికే, కానీ అదే నిష్పత్తిలో దానికి బిగువూ తక్కువ, సులువుగా వంగుతుంది. అందువల్ల ఒకే కొలతలున్న ఉక్కు, అల్యూమినియం గొట్టాల సందిగ్ధ వేగం ఇంచుమించు ఒకటే. దానిని పెంచాలంటే గొట్టం లావు చేయాలి, లేదా కార్బన్ నారకు (కార్బన్ ఫైబర్‌కు) మారాలి. మన కంచన్‌బాగ్‌లోని రక్షణ ప్రయోగశాల అగ్ని క్షిపణుల కోసం పనిచేసిన పదార్థమూ ఇలాంటిదే. తేలికగా, బిగువుగా ఉండే కార్బన్ గొట్టమైతే ఒకే ముక్కగా సరిపోతుంది. బేరింగ్ అవసరం ఉండదు.

2014లో వచ్చిన ఎం3, ఎం4 కార్లకు బీఎండబ్ల్యూ అలాంటి షాఫ్టునే అమర్చింది. 2017 చివర్లో తిరిగి ఉక్కుకు మళ్లింది. పొగగొట్టంలో కొత్త వడపోతకు చోటు కావలసి వచ్చి, లావాటి కార్బన్ గొట్టం తప్పుకోవలసి వచ్చింది.

సెంటర్ బేరింగ్ అరిగి, వేగంలో కారు అడుగు నుంచి గుయ్‌మని మోత వస్తుంటే, ఎలాగూ మార్చాలి కనుక ఒకే ముక్క షాఫ్టు గురించి ఆలోచించవచ్చు. అలా మార్చినా బ్యాలెన్సింగ్, అంటే బరువు చుట్టూ సమంగా ఉండేలా సరిచేయడం, చేయించకుండా బిగించకూడదు. కేవలం పికప్ కోసమైతే ఆ డబ్బు తేలికైన రిమ్ములకు, మంచి టైర్లకు పెట్టమంటాను.