పది రూపాయల పొట్లం చవక కాదు: కొత్త అంగడి గురించి అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో జీవకోన వైపు, కొండ దిగువన ఉన్న ఒక పేటలో మేము కట్టిస్తున్న సరుకుల అంగడికి పైకప్పు పడి నెల దాటింది. ఆ వీధులవాళ్లు ఇన్నాళ్లూ నెల సరుకులకు ఆటో ఎక్కి ఊళ్లోకి వెళ్లడమో, మలుపులోని చిన్న బంకు కొట్టులో దొరికే పొట్లాలతో సరిపెట్టుకోవడమో చేస్తున్నారు. అంగడిలో ఏయే సరుకులు ఉంచాలో అడగడానికి నేను ఇంటింటికీ తిరుగుతున్నాను. పద్నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్న నాకు ప్రతి పేటలోనూ వినిపించిన మాటలే ఇక్కడా వినిపించడం వల్ల ఇది రాస్తున్నాను.

అపోహ: పెద్ద అంగడి డబ్బున్నవాళ్లది, మాబోటివాళ్లకు పది రూపాయల పొట్లమే చవక.

వాస్తవం: పేదవాడి జేబుకు అన్నిటికంటే ఎక్కువ చిల్లు పెడుతున్నది ఈ నమ్మకమే. ధనియాల పొడి 20 గ్రాముల పొట్లం పది రూపాయలనీ, 200 గ్రాముల ప్యాకెట్ 70 రూపాయలనీ అనుకుందాం. పది పొట్లాలు కొనేసరికి అదే 200 గ్రాములకు 100 రూపాయలు ఖర్చవుతాయి, అంటే పొట్లాల లెక్కన కిలో 500, ప్యాకెట్ లెక్కన 350 పడుతుంది. కారం, టీ పొడి, నూనె, సబ్బుల పొడి అన్నిటిలోనూ ఈ తేడాను వెతికి చూడండి. ప్యాకెట్ మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో అచ్చువేయాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి, కానీ 10 గ్రాములు, అంతకు తక్కువ బరువున్న పొట్లాలకు ఆ నిబంధనలు వర్తించవు. లెక్క అందరికంటే ఎక్కువ అవసరమైనవాడు కొనే అలాంటి చిన్న పొట్లం మీదే ఆ లెక్క కనబడకపోవడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

అయితే పొట్లం కొనేవాళ్లు తెలివి తక్కువవాళ్లని నేను అనడం లేదు. సాయంత్రం కూలి చేతికొస్తే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో 70 రూపాయలు ఒకేసారి తీయడం కుదరదు. మా అమ్మ బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మేది. ఉద్దిబేడలు పావుకిలో ప్యాకెట్లే కొనేది, ఎందుకంటే మరుసటి రోజు పెట్టుబడి ఆ పూట అమ్మకంలోంచే రావాలి. నేను పదిహేడో ఏట హోల్‌సేల్ అంగడిలో గుమాస్తాగా చేరి, మొదటి జీతంతో ఐదు కిలోల ఉద్దిబేడలు విడిగా తూకం వేయించి తెచ్చాను. వాటి ధర విన్న అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుండిపోయింది.

అందుకే ఈ అంగడి నమూనాలో గుమ్మం పక్కనే విడి సరుకుల గోతాలకు చోటు కావాలని పట్టుబట్టాను. ఆ చోట కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెడితే లాభం ఎక్కువని యజమాని వాదించాడు, చివరకు ఒప్పుకున్నాడు. కందిబేడలు, ఉద్దిబేడలు, చెనిక్కాయలు, రాగులు, బెల్లం అక్కడ ఉంటాయి. ఇరవై రూపాయలకు అడిగినా కిలో ధర లెక్కనే తూచి ఇస్తారు. దానికి తోడు, 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు లేబుల్ వేసిన బియ్యం, పప్పుల ప్యాకెట్లకు 5 శాతం జీఎస్టీ ఉంది, విడిగా తూచి అమ్మే వాటికి లేదు. 26 కిలోల బియ్యం మూటలు మార్కెట్లోకి రావడానికి కారణం కూడా ఇదే.

అపోహ: ఆ కొత్త అంగడిలో కొంటే రేషన్ కార్డు తీసేస్తారు.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, వాళ్ల మీద నాకు చాలా కోపంగా ఉంది. ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని, "నాయనా, నేను ఆడికి వస్తే నా బియ్యం నిలిపేస్తారంట గదా" అని కన్నీళ్లు పెట్టుకుంది. నిలిపేయరవ్వా. కార్డుకు కరెంటు వాడకం, కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం వంటివి చూస్తారు గానీ ఎవరు ఏ అంగడిలో పప్పు కొన్నారో చూడరు. బిల్లు వేయడానికి ఫోన్ నంబరు ఇచ్చి తీరాలని కూడా లేదు. నంబరు కోసం ఒత్తిడి చేయవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపారులకు చెప్పింది.

అపోహ: ఎమ్మార్పీ ప్రభుత్వం పెట్టిన ధర.

వాస్తవం: కాదు. తయారీదారే దాన్ని నిర్ణయిస్తాడు, పన్నులన్నీ అందులోనే ఉంటాయి. అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు, తక్కువకు మాత్రం ఎంతకైనా అమ్మవచ్చు. ఎక్కువ అడిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

అపోహ: ఎలక్ట్రానిక్ కాటా అయితే మోసం ఉండదు.

వాస్తవం: ఉండవచ్చు. ఆ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. సరుకు పెట్టకముందు అంకె సున్నా చూపిస్తోందో లేదో చూసుకోండి, ముద్ర చూపించమని అడగండి. మా కాటాలకు ముద్ర వేయించే పని వచ్చే వారం పెట్టుకున్నాం, అది పూర్తయ్యాకే గోతాలు దించుతాం.