ఫైండర్‌లో బొమ్మ బాగుందని రేంజ్‌ఫైండర్ కొనేయకండి

పోయిన నెల గుణుపురం నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చాడు. సంచిలోంచి జోర్కి 4 అనే పాత సోవియట్ ఫిల్మ్ కెమెరా ఒకటి, రెండు రీళ్ళ నెగటివ్‌లు తీసి బల్ల మీద పెట్టి "లెన్స్ పాడైపోయింది బాబాయ్, వేరేది చూడండి" అన్నాడు. నెగటివ్‌లు లైట్‌బాక్స్ మీద పరిచి భూతద్దం పెట్టి చూశాను. వాళ్ళమ్మని గుమ్మంలో నిలబెట్టి తీసిన ఫ్రేములో ఆవిడ ముఖం మసక, వెనకాల రెండడుగుల దూరంలో ఉన్న తలుపు గొళ్ళెం మాత్రం చెక్కినట్టు వచ్చింది. లెన్స్ పాడైతే గొళ్ళెం అలా రాదు కదా. లెన్స్ బంగారంలా ఉంది, దూరం కొలిచి ఫోకస్ చెప్పే రేంజ్‌ఫైండరే లెక్క తప్పింది.

"మరి ఫైండర్‌లో అంతా క్లియర్‌గానే కనిపిస్తందే?" అన్నాడు.

బరంపురంలో ఇరవై ఏళ్ళకు పైగా పాత కెమెరాలు విప్పి బిగిస్తున్నాను, ఈ మాట వినని వారం లేదు. ఎస్‌ఎల్‌ఆర్ అలవాటైన వాళ్ళకి, ఫోన్ తప్ప ఏదీ పట్టుకోని వాళ్ళకి మరీ. ఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం ఉంటుంది, లెన్స్ ఏం చూస్తే మీరూ అదే చూస్తారు. రేంజ్‌ఫైండర్ కెమెరాలో మీరు చూసేది పక్కనున్న వేరే కిటికీలోంచి, అదే ఫైండర్. లెన్స్‌లో బూజు పట్టినా, ఫోకస్ ఎటో పోయినా, ఆఖరికి లెన్సే ఊడదీసినా ఆ కిటికీలో లోకం తళతళలాడుతూనే ఉంటుంది. అమ్మేవాడు ఫైండర్‌కి ఫోన్ ఆనించి తీసిన ఫోటో పంపి "మింట్ కండిషన్" అంటాడు, మనవాళ్ళు డబ్బు పంపేస్తారు. ఆ ఫోటోలో మధ్యనున్న ప్యాచ్, అంటే రెండు బొమ్మలు కలిస్తే ఫోకస్ కుదిరినట్టని చెప్పే చిన్న మచ్చ, ఎంత వెలిసిపోయిందో తెలుస్తుందేమో గానీ లెన్స్ గురించి ముక్క తెలియదు.

నేనేమీ పుట్టుకతో తెలిసినవాణ్ణి కాదు. మా అక్క పెళ్ళిలో నాన్న యాషికా ఎలక్ట్రో 35 నా చేతికిచ్చి మంగళవాద్యాల వైపు తియ్యమన్నారు. 36 తీశాను, ఒక్కొక్కటీ ఎంతో చూసుకుని. లెన్స్ క్యాప్ తీయలేదు. ఆ కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ కన్ను లెన్స్ లోపల కాదు, పైన బాడీ మీద ఉంటుంది, కాబట్టి అది కూడా చీకటని చెప్పలేదు. డెవలప్ చేస్తే రీలంతా గాజులా వచ్చింది. నాన్న తిట్టలేదు. ఆ రీలు డార్క్‌రూమ్ తలుపు వెనక మేకుకి తగిలించారు, అంతే. ఏడాది పాటు అక్కడే వేలాడింది.

సరే, కొనే ముందు ఏం చూడాలి. మొదట దూరం. లెన్స్ రింగుని ఇన్ఫినిటీకి (∞ గుర్తుకి) పూర్తిగా తిప్పి బాగా దూరంలో ఉన్నదాన్ని చూడండి, మాకైతే మేడ మీద నుంచి కేరండిమాల్ కొండలు. ప్యాచ్‌లో కనిపించే రెండు కొండ అంచులూ ఒకటైపోవాలి. పక్కకి జరిగి ఉంటే ఫోకస్ తప్పుతుంది. పైకీ కిందకీ జరిగి ఉంటే చూడ్డానికి చిరాకే గానీ దూరం లెక్క అంతగా మారదు. రెండోది దగ్గర. టాప్ ప్లేట్ మీద సున్నాకి అడ్డగీత కొట్టినట్టు గుర్తుంటే అదే ఫిల్మ్ ఉండే చోటు, అక్కణ్ణుంచి టేపుతో సరిగ్గా ఒక మీటరు కొలిచి పుస్తకం నిలబెట్టండి. రెండు బొమ్మలు కలిసినప్పుడు లెన్స్ రింగు కూడా 1 అనే చెప్పాలి. కొండల దగ్గర సరిపోయి పుస్తకం దగ్గర తప్పే కెమెరాలు బోలెడు, ఎందుకంటే ఆ రెండూ వేరువేరు సర్దుబాట్లు. యూట్యూబ్ చూసి ఒక స్క్రూ తిప్పేసి నా దగ్గరకి తెచ్చేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు.

మూడోది ఎవరూ చేయరు, అసలు సంగతి తేల్చేది అదే. వెనక తలుపు తెరిచి, ఫిల్మ్ ఆనే పట్టాల మీద మసక టేపు ముక్క బిగుతుగా అంటించి, షట్టర్‌ని బి మీద (నొక్కినంతసేపూ తెరిచి ఉండే గుర్తు) తెరిచి పట్టుకుని, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) పూర్తిగా తీసి చూడండి. టేపు మీద పడే బొమ్మే ఫిల్మ్ మీద పడేది. ఫైండర్ ఒకటి చెప్పి టేపు ఇంకోటి చెబితే టేపు మాటే నమ్మండి. ఆ కుర్రాడికి నేను చూపించింది ఇదే. టేపు మీద గొళ్ళెం ప్రత్యక్షమయ్యేసరికి పాపం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సర్దడానికి అరగంట పట్టింది. రెండు రీళ్ళూ, గుణుపురం నుంచి బస్సు ఛార్జీలూ ఎలాగూ పోయాయి.

లెన్స్‌ని విడిగా టార్చి పెట్టి చూడాలి. సాలెగూడులా తీగలు సాగితే బూజు, లోపల పొగమంచులా ఉంటే హేజ్. మా వైపు సముద్రం గాలికి ఇది మామూలే, ఆ పాత తోలు కేసులో దాచితే ఇంకా తొందరగా వస్తుంది. పైపైన ఉంటే తుడిస్తే పోతుంది, కోటింగ్‌ని తినేసి ఉంటే పోదు.

ఇక మొదటి లెన్స్. మా ఊళ్ళో ఠాకురాణి యాత్ర వచ్చే ఏడాదైతే చాలు, "రాత్రిపూట తియ్యాలి, ఎఫ్/1.4 లేకపోతే కుదరదట కదా" అని ఫోన్లు మొదలవుతాయి. ఎవరన్నారో ఎవరూ చెప్పరు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది, ఫోకస్ అంత సన్నబడుతుంది. 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/1.4లో పెట్టి మీటరు దూరంలో ఉన్న వేషగాణ్ణి తీస్తే ఫోకస్‌లో ఉండేది సుమారు 3 సెంటీమీటర్లు. కన్ను ఉంటే చెవి ఉండదు. పైగా అతను బాఘ నాచ (పులి వేషం) ఆడుతున్నాడు, నిలబడి పోజివ్వడం లేదు. అంత సన్నటి ఫోకస్ పట్టాలంటే రేంజ్‌ఫైండర్ కూడా దానికి తగ్గది కావాలి. లైకా ఎం6 లో బేస్, అంటే రేంజ్‌ఫైండర్ రెండు కిటికీల మధ్య దూరం, సుమారు 69 మిల్లీమీటర్లు. ఫైండర్ బొమ్మని 0.72 వంతుకి తగ్గించి చూపిస్తుంది కాబట్టి పనికొచ్చేది 50 దాకా. ఫోగ్ట్‌లాండర్ బెస్సా ఆర్‌లో అది అందులో సగం. బెస్సా మంచి బాడీయే, కానీ దాని మీద ఎఫ్/1.4 పెట్టి దగ్గర నుంచి తీసి రాలేదని ఏడవకండి. ఎఫ్/2 లేదా ఎఫ్/2.5, ఐఎస్‌ఓ 400 ఫిల్మ్, యాత్ర దీపాలు చాలు. పగలైతే 35 ఎంఎం, ఎఫ్/8, రింగు 3 మీటర్ల మీద వదిలేయండి. దాదాపు 1.9 నుంచి 7 మీటర్ల దాకా అంతా పడుతుంది, ప్యాచ్ చూసే పనే లేదు.

35 కావాలో 50 కావాలో తేల్చుకున్నాకే బాడీ కొనండి, మనవాళ్ళు దీన్ని తిరగేస్తారు. 1954 నాటి లైకా ఎం3 ఫైండర్‌లో ఏ లెన్స్‌కి ఎంత మేర పడుతుందో చూపే గీతలు 50, 90, 135 లకే ఉంటాయి, 35 ఉండదు. 35 కావాలంటే తర్వాత వచ్చిన ఎం2 చూడాలి. ఎం3 కొనేసి, 35 లెన్స్ కొనేసి, పైన విడిగా పెట్టుకునే ఫైండర్ కోసం మళ్ళీ డబ్బు పెట్టినవాళ్ళు నాకు తెలుసు. కళ్ళద్దాలున్నవాళ్ళు అంచు గీతలు కనిపిస్తాయో లేదో కన్ను పెట్టి చూసి మరీ కొనండి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

మీటర్ పనిచేయకపోతే వృథా అన్నది అబద్ధం. ఎం3, ఎం2 లో అసలు మీటరే లేదు. మండే ఎండలో ఎఫ్/16 పెట్టి, 200 ఫిల్మ్ అయితే 1/250 కొట్టండి. ఎలక్ట్రో 35 మాత్రం బ్యాటరీ లేకపోతే ఒకే ఒక్క స్పీడుతో, 1/500తో కొడుతుంది. ఆ పాత మెర్క్యురీ బ్యాటరీ దొరకదని రాత్రి పదకొండుకి ఫోన్ చేసి టెన్షన్ పడకండి, చిన్న అడాప్టర్ పెట్టి 6 వోల్టులది వేస్తే నడుస్తుంది.

39 ఎంఎం మరతో బిగించే స్క్రూ లెన్స్ లైకా ఎం బాడీకి రింగు వేసి బిగించుకోవచ్చు. ఎం లెన్స్ స్క్రూ బాడీకి ఎక్కదు.

జోర్కి, ఫెడ్ లాంటి సోవియట్ కెమెరాలలో స్పీడు మార్చేది షట్టర్ లాగాకే (ఫిల్మ్ ముందుకి తిప్పాకే), ముందు కాదు. ముందు తిప్పి పాడుచేసినవి నా డ్రాయర్ నిండా ఉన్నాయి.

గుడ్డ షట్టర్ ఉన్నవి గోపాల్‌పూర్ బీచ్‌లో సూర్యుడి వైపు తెరిచి మెడకి వేలాడదీయకండి. అడ్డంగా అద్దం లేదు, భూతద్దంతో కాగితం కాల్చినట్టే కర్టెన్‌కి చిల్లు పడుతుంది. కొనేటప్పుడు లెన్స్ తీసి, వెలుతురుకి ఎత్తి, సూది మొనంత వెలుగైనా కనిపిస్తుందేమో చూడండి. క్యాప్ పెట్టుకోండి. తీయడం మర్చిపోకండి, మేకు సంగతి చెప్పాను.

ఇంకోటి. పర్లాకిమిడి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు బంగారు రంగు లైకా తెచ్చారు, మీద గద్ద బొమ్మ, జర్మన్ సైన్యం రాతలు. మనవడికి ఇద్దామని పెన్షన్ డబ్బుతో కొన్నారట. లెన్స్ విప్పి లోపల చూశాను. స్క్రూ లైకాలో లెన్స్‌కి ఆనే చేతి కొసన చిన్న గుండ్రటి చక్రం ఉంటుంది. ఇందులో చక్రం లేదు, చదునైన నాలుకలా ఉంది, అంటే సోవియట్ బాడీకి చెక్కిన వేషం. ఆయనకి ఎలా చెప్పాలో తెలియక టీ తెప్పించాను. విని కాసేపు ఊరుకుని "బొమ్మలు వస్తాయా బాబూ?" అని అడిగారు. కొండల దగ్గరా, పుస్తకం దగ్గరా రెండూ సరిపోయాయండి, వస్తాయి అన్నాను. అక్కడే కూర్చుని రీలు వేయించుకుని, మొదటి ఫ్రేము నా షాపు గుమ్మమే తీశారు.