పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ప్రొపెల్లర్ షాఫ్టులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: గ్రీజు కొట్టగానే కీచు శబ్దం పోయింది కాబట్టి జాయింటు బాగున్నట్టే.

పాత ఆఫ్‌రోడ్ బండ్లను మరమ్మతుకు తెచ్చేవారి నోట నేను పదే పదే వినే మాట ఇది. వారి చేత అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టించేదీ ఇదే. ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్ వైపు నుంచి చక్రాల ఇరుసుకు చేర్చే, బండి కింద తిరిగే పొడవాటి గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. దాని కొనల వద్ద కోణంలో కూడా తిరగగలిగే కీలే యూనివర్సల్ జాయింటు. అందులోని కూడిక గుర్తు ఆకారపు ముక్క అయిన క్రాస్‌కు నాలుగు కొనలుంటాయి. ఒక్కో కొన మీద ఒక కప్పు, ఆ కప్పు లోపల చుట్టూ పేర్చిన సన్నని సూదుల్లాంటి నీడిల్ బేరింగులు ఉంటాయి. సీలు చెడి నీళ్లు చేరినా, ఉన్న గ్రీజు ఎండిపోయినా ఆ సూదులు తుప్పుపట్టి, క్రాస్ కొనను ఒరుసుకుంటూ అరిగిపోతాయి. బండి నెమ్మదిగా కదులుతున్నప్పుడు పిట్ట అరుపులా వినిపించి, వేగంతో పాటు త్వరపడే శబ్దం అదే. అప్పుడు కొత్త గ్రీజు ఎక్కిస్తే శబ్దం అణుగుతుంది గాని, అరిగిన లోహం తిరిగి రాదు.

చూడవలసింది కప్పు అంచును. సీలు చుట్టూ వేలికి అంటుకునే ఎర్రటి పొడి కనిపించిందంటే ఆ జాయింటు మార్చవలసిందే. ఒక పెద్దాయన తన బండి గేరు మార్చినప్పుడల్లా కింద ఠక్కుమంటోందని, గేర్‌బాక్స్ మొత్తం విప్పాలని ఎవరో చెప్పారని చాలా దిగులుగా వచ్చారు. కీచు శబ్దం కూడా ఉండేదని, గ్రీజు కొట్టించాక తగ్గిందని ఆయనే చెప్పారు. వెనుక షాఫ్టు దించి ఒక కప్పు ఊడదీస్తే, సూదులు ఉండవలసిన చోట కొత్త గ్రీజుతో ముద్ద అయిన ఎర్రటి పొడి, దానిలో విరిగిన సూది ముక్కలు ఉన్నాయి. గేర్‌బాక్స్‌కు ఏ లోపమూ లేదు. రెండు క్రాస్‌లు మార్చడంతో ఠక్కుమనడం ఆగిపోయింది. అలా భయపడి వచ్చినవారిని నేను తప్పుపట్టను. షాఫ్టును చేత్తో కదిపి చూడకుండానే గేర్‌బాక్స్ పోయిందని ప్రచారం చేసేవారి మీదే నాకు కోపం.

ఈ నిర్లక్ష్యం ఖర్చుతో ఆగదు. బండి వేగంలో ఉండగా జాయింటు విరిగితే, ఒక కొన ఊడిన షాఫ్టు రెండో కొన ఆధారంగా తిరుగుతూ బ్రేకు పైపులనూ, ముందు వెనుక షాఫ్టులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసునూ పగలగొట్టగలదు. పరీక్ష మాత్రం చాలా తేలిక. చదునైన నేల మీద ఇంజన్ ఆపి, చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, జాయింటుకు ఇటూ అటూ క్రాస్‌ను పట్టి ఉంచే చీలిక కొనలను, అంటే యోకులను, చెరో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా తిప్పాలి. తరువాత పైకీ కిందకీ నెట్టాలి. జాయింటులో చేతికి తెలిసేంత వదులు ఉండకూడదు.

అపోహ: హ్యాండ్‌బ్రేక్ వేశాం కాబట్టి షాఫ్టు విప్పినా బండి కదలదు.

ఈ నమ్మకం ప్రాణం తీయగలదు. పాత ఆఫ్‌రోడ్ బండ్లలో కొన్నింటి హ్యాండ్‌బ్రేక్ చక్రాల మీద కాక, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉన్న డ్రమ్ము మీద పనిచేస్తుంది. వెనుక షాఫ్టు విప్పిన క్షణం నుంచి ఆ డ్రమ్ముకూ వెనుక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. గేరులో ఉంచినా ఆ చక్రాలకు పట్టు ఉండదు. చక్రాలకు అడ్డు పెట్టకుండా బండి కిందికి దూరవద్దు.

అపోహ: షాఫ్టు వణుకుతోందంటే వంగిపోయినట్టే, కొత్తది కొనాలి.

ముందుగా రెండు కొనల యోకులు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. కోణంలో తిరిగే యూనివర్సల్ జాయింటు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. కోణం 10 డిగ్రీలుంటే ఆ హెచ్చూ, తగ్గూ ఒక్కొక్కటి సుమారు 1.5 శాతం, 20 డిగ్రీలకు దాదాపు 6 శాతం. యోకులు వరుసలో ఉండి, రెండు జాయింట్ల కోణాలు సమానంగా ఉంటేనే ఒకదాని హెచ్చుతగ్గును రెండోది సరిచేస్తుంది. షాఫ్టు పొడవు పెరిగి తగ్గేలా ఒకదానిలో ఒకటి జారే పళ్ల భాగమైన స్లిప్ జాయింటును విడదీసి, ఒక్క పల్లు తేడాతో బిగించినా వణుకు మొదలవుతుంది. విప్పే ముందే రెండు భాగాల మీదా గుర్తు పెట్టుకోవాలి. సస్పెన్షన్ ఎత్తు పెంచినప్పుడు కోణాలు మారి వచ్చే వణుకు కొత్త షాఫ్టుతోనూ పోదు.

అపోహ: గ్రీజు ఎంత ఎక్కిస్తే అంత మంచిది.

క్రాస్‌కు నాలుగు సీళ్ల నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టవచ్చు. స్లిప్ జాయింటును అలా నింపితే, సస్పెన్షన్ అణిగినప్పుడు షాఫ్టు లోపలికి జరిగే చోటు లేక ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగుల మీద ఒత్తిడి పడుతుంది. లోతైన నీటిలో నడిపిన బండికి మాత్రం గ్రీజు పనిని వాయిదా వేయకూడదు.

అపోహ: ఫోర్ వీల్ వాడను కాబట్టి ముందు షాఫ్టుకు పని లేదు.

ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీయగల ఫ్రీ వీలింగ్ హబ్బులు లేని బండిలో ముందు చక్రాలు దానిని ఎప్పుడూ తిప్పుతూనే ఉంటాయి. దాని కప్పుల అంచులు కూడా చూడవలసిందే.

చివరిగా, క్రాస్ సొంతంగా మార్చుకునేవారికి ఒక మాట. కప్పు నొక్కుతున్నప్పుడు, దానిని పట్టి ఉంచే సర్క్లిప్ (ఉక్కు వలయం) గాడి కనిపించకపోతే సుత్తి ఎత్తవద్దు. లోపల ఒక సూది అడ్డం పడి ఉంటుంది. కప్పు బయటికి తీసి, సూదులను గ్రీజుతో మళ్లీ నిలబెట్టి, క్రాస్ కొనను కప్పులో ఉంచుతూనే నెమ్మదిగా నొక్కాలి. షాఫ్టు కొనను బిగించే ఫ్లాంజ్ బోల్టులకు పాత లాక్ నట్లు వాడకుండా కొత్తవే వేసి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించాలి.