రిపోర్టులో ఉన్న పేరు నేరస్థుడిది కాదు

బొటనవేలి పక్కన ఆరో వేలితో పుట్టిన పాప. రిపోర్టులో ‘ఎల్‌ఎమ్‌బీఆర్1, ఐదో ఇంట్రాన్’ అన్న ముక్క కింద ఎర్ర పెన్నుతో మూడు గీతలు. ఎల్‌ఎమ్‌బీఆర్1 ఒక జీన్ పేరు. ఇంట్రాన్ అంటే జీన్ మధ్యలో ఉండి ప్రోటీన్ తయారీకి వాడని ముక్క. "ఈ జీన్ పాడైందంట మేడమ్" అన్నాడు తండ్రి. రాత్రంతా ఫోన్లో వెతికినట్టు కళ్లే చెబుతున్నాయి.

ఆ జీన్‌కి ఏమీ కాలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

అపోహ: వేరియంట్ (డీఎన్‌ఏలో మార్పు) ఏ జీన్‌లో దొరికితే తప్పు ఆ జీన్‌దే.

వాస్తవం: ఆ పేరు చాలాసార్లు వట్టి అడ్రసు. ఆ ఇంట్రాన్‌లో జెడ్‌ఆర్‌ఎస్ అనే చిన్న ఎన్‌హాన్సర్, అంటే జీన్‌ని నడిపే స్విచ్చు, ఉంది. అది నడిపేది తానున్న జీన్‌ని కాదు, సుమారు 10 లక్షల బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) అవతల ఉన్న ఎస్‌హెచ్‌హెచ్ అనే ఇంకో జీన్‌ని. డీఎన్‌ఏ మడతపడి ఆ రెంటినీ దగ్గర చేస్తుంది. పిండంలో చెయ్యి మొగ్గ తొడిగేటప్పుడు ఎస్‌హెచ్‌హెచ్ చిటికెనవేలి వైపే పనిచెయ్యాలి. జెడ్‌ఆర్‌ఎస్‌లో ఒక్క అక్షరం మారినా బొటనవేలి వైపు కూడా మొదలుపెట్టొచ్చు. అప్పుడు అక్కడో వేలు అదనం. (ఎల్‌ఎమ్‌బీఆర్1 పేరులోనే ‘లింబ్’ ఉంది. మొదట్లో పరిశోధకులూ దాన్నే అనుమానించారు మరి.)

"అయితే ఎస్‌హెచ్‌హెచ్ పోయినట్టేగా?" అన్నాడు. దాని గురించి వెతికితే ముందు వచ్చేది మెదడు రెండుగా విడిపోని జబ్బు. పాపం, అదీ చదివేశాడు. జెడ్‌ఆర్‌ఎస్ కాళ్లూ చేతుల స్విచ్చు మాత్రమే, మెదడులో ఆ జీన్‌ని నడిపే స్విచ్చులు వేరే ఉన్నాయి, జీన్ చెక్కుచెదరలేదు అని కాగితం మీద గీసి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన బొటనవేలి మొదట్లో ఉన్న పాత కుట్ల మచ్చ చూపించాడు. చిన్నప్పుడే తీసేశారట. అంటే ఇది ఆయన్నుంచే వచ్చింది, ప్రతి కాన్పులోనూ బిడ్డకి చేరడానికి సగానికి సగం అవకాశం. ఇంతకీ ఆయన తెలుసుకోవాల్సిందల్లా ఇదే.

దీని కవల అపోహ ఇంకా ఖరీదైనది: "జీన్ మొత్తం చదివించాం, నార్మల్." హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జీన్‌లో ఒక్క తప్పూ లేకపోయినా, ఆ జీన్ల వరుసకంతా పైనుంచి పనిచెప్పే ఎల్‌సీఆర్ ముక్క ఎగిరిపోతే జీన్ మూగబోతుంది. అది తలసీమియానే. ఇలాంటి క్యారియర్లలో (లోపాన్ని మోసేవాళ్లలో) తలసీమియా కోసం రక్తపరీక్షలో చూసే హెచ్‌బీఏ2 కూడా మామూలుగానే ఉంటుంది. ఐరన్ సరిపడా ఉండి కూడా ఎర్రకణాలు చిన్నగానే ఉంటే డిలీషన్ పరీక్ష (డీఎన్‌ఏ ముక్క ఎగిరిపోయిందేమో చూసేది) అడగండి. ‘నార్మల్’ అన్న మాట చూసి ఫైలు మూసెయ్యకండి.

అపోహ: ఇంట్రాన్లు చెత్త. కాదు. పైన చూశారుగా. పెద్దయ్యాక కూడా లాక్టేజ్ (పాలలోని చక్కెరని అరిగించే ఎంజైమ్) ఆగకుండా చేసే మార్పులు కూడా దాని జీన్ పక్కనున్న ఎమ్‌సీఎమ్6 అనే జీన్ ఇంట్రాన్లోనే ఉన్నాయి.

అపోహ: పక్కపక్క జీన్లన్నీ ఒకే స్విచ్చు మీద నడుస్తాయి. అది 1961లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు జేకబ్, మోనో చెప్పిన ఒపెరాన్, బ్యాక్టీరియా పద్ధతి. మనలో దాదాపు ప్రతి జీన్‌కీ దాని ప్రమోటర్ (జీన్‌ని చదవడం మొదలయ్యే చోటు) దానికుంటుంది.

ఒపెరాన్ దెబ్బ నేనూ తిన్నాను. చదువుకునే రోజుల్లో ఒక బ్యాక్టీరియాలో వరుసలో మొదటి జీన్‌ని విరగ్గొట్టాను, పెరుగుదల ఆగింది. కారణం దొరికిందని నాలుగు నెలలు గంతులేశాను. ఆ జీన్‌ని ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలోకి విడిగా ఎక్కించే చిన్న డీఎన్‌ఏ చుట్ట) మీద తిరిగి పెడితే ఏ మార్పూ లేదు. రెండోదాన్ని పెట్టాక పెరిగింది. నేను విరగ్గొట్టిన చోటే ఆర్‌ఎన్‌ఏ తెగిపోయి, వెనకున్న జీన్ నోరు కూడా మూతపడింది. ఆ నోట్సు పుస్తకం మీద ఇప్పటికీ మొదటి జీన్ పేరే ఉంది.