విదేశీ న్యాయవాదుల రాక: సికింద్రాబాద్ దావా నుంచి చూస్తే

అంతర్జాతీయ వాణిజ్య ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుతో వివాదం తేల్చుకునే పద్ధతిలో) విదేశీ న్యాయవాదులకు షరతులతో తలుపు తెరుస్తూ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2025 మే నెలలో సవరించిన నిబంధనలు ప్రకటించడంతో పాత వాదం మళ్లీ రాజుకుంది. కోర్టుల్లో వారికి ప్రవేశం లేదు. నమోదు లేకుండా వచ్చి వెళ్లేవారికి ఏడాదిలో 60 రోజుల పరిమితి ఉంది. మన న్యాయవాదులకు తమ దేశంలో అవకాశమిచ్చే దేశాలవారికే ఇక్కడ అవకాశం. ఇన్ని కట్టడులున్నా, ఇక్కడి పని పెద్ద విదేశీ సంస్థల పాలవుతుందన్నది వ్యతిరేకిస్తున్నవారి భయం. చిన్న కార్యాలయాలు నడుపుకొనే న్యాయవాదుల ఆ ఆందోళనను కొట్టిపారేయలేం. అయితే ఆ పనిలో పెద్ద భాగం ఎప్పుడు, ఎందుకు దేశం దాటిపోయిందో తెలియాలంటే హైదరాబాద్ కంపెనీకి సంబంధించిన ఒక వ్యాజ్యాన్ని తిరగేయాలి.

సత్యం కంప్యూటర్స్, అమెరికాలోని మిషిగన్‌కు చెందిన వెంచర్ గ్లోబల్ ఇంజినీరింగ్ 1999లో చెరి సగం వాటాతో ఇక్కడ ఒక ఉమ్మడి కంపెనీ పెట్టాయి. తగాదా వస్తే లండన్ కోర్ట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ నిబంధనల ప్రకారం తేల్చుకోవాలని, ఒప్పందానికి మిషిగన్ చట్టం వర్తిస్తుందని రాసుకున్నాయి. తగాదా రానే వచ్చింది. వెంచర్ తన వాటాలను సత్యంకు బదిలీ చేయాలని 2006 ఏప్రిల్ 3న అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, వెలువడింది. దాని అమలు కోసం సత్యం మిషిగన్ ఫెడరల్ కోర్టుకు వెళ్లగా, అదే నెలలో వెంచర్ సికింద్రాబాద్ సిటీ సివిల్ కోర్టులో అవార్డు చెల్లదంటూ దావా వేసింది. ఆ దావా విచారణార్హం కాదని కింది కోర్టు, హైకోర్టు చెప్పినా, 2008 జనవరి 10న సుప్రీంకోర్టు వెంచర్‌కు అనుకూలంగా తీర్పిచ్చింది. విదేశంలో వెలువడిన అవార్డునైనా 1996 ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఇక్కడ సవాలు చేయవచ్చన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ తీర్పుకు పునాది 2002 నాటి భాటియా ఇంటర్నేషనల్ తీర్పులోనే ఉంది. 34వ సెక్షన్ ఉన్న, చట్టంలోని మొదటి భాగాన్ని పక్షాలు స్పష్టంగానో పరోక్షంగానో మినహాయించుకోకపోతే, అది విదేశాల్లో జరిగే ఆర్బిట్రేషన్లకూ వర్తిస్తుందని అప్పుడే చెప్పారు. అయినా నేను 2008నే మలుపుగా చూస్తాను. భాటియా కేసులోలా మధ్యంతర ఉత్తర్వు కోసం మన కోర్టు సాయం కోరడం వేరు, లండన్‌లో ముగిసిన వివాదాన్ని సికింద్రాబాద్‌లో మళ్లీ తెరవడం వేరు. భారతీయ కంపెనీ వాటాల బదిలీ మన విదేశీ మారక చట్టానికి లోబడి ఉండాలన్న వెంచర్ వాదనలో బలం ఉంది. ఆ అభ్యంతరాన్ని అవార్డును ఇక్కడ అమలు చేయించబోయిన దశలోనే లేవనెత్తడానికి 48వ సెక్షన్‌లో వీలుంది. కొత్త దారి తెరవాల్సిన అవసరం లేదు.

దాని పర్యవసానం ఒప్పందాల ముసాయిదాల్లో కనిపించింది. భారతీయ కంపెనీతో ఒప్పందం రాసే ప్రతి న్యాయవాదీ ఆర్బిట్రేషన్‌కు సింగపూర్‌నో లండన్‌నో పీఠంగా (ఏ దేశ కోర్టుల పర్యవేక్షణ ఉంటుందో తేల్చే చోటుగా) పెట్టి, మన చట్టం మొదటి భాగం వర్తించదని ఒక వాక్యం చేర్చడం ఆనవాయితీ అయింది. విచారణ ఎక్కడో న్యాయవాది ఎదుగుదల కూడా అక్కడే. సాక్షిని ప్రశ్నించడం, ట్రిబ్యునల్ ముందు వాదించడం, ఆ పరిచయాల మీద రేపు ఆర్బిట్రేటర్‌గా నియామకం పొందడం, అన్నీ విచారణ గదిలో ఉన్నవారికే దక్కుతాయి. ప్రతిభకు కొరత లేదు. అంతర్జాతీయ వాణిజ్య ఆర్బిట్రేషన్ మండలికి 1994 నుంచి 2002 వరకు అధ్యక్షుడు మన ఫాలీ నారిమనే. అలాంటి శిఖరానికి చేర్చే మెట్లు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ప్రాక్టీసు మొదలుపెట్టే యువ న్యాయవాదికి అందకుండా పోయాయి.

2012 సెప్టెంబరు 6న బాల్కో కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం భాటియా, వెంచర్ తీర్పులు రెండింటినీ తోసిపుచ్చింది. కానీ కొత్త సూత్రం ఆ తేదీ తర్వాత కుదిరిన ఆర్బిట్రేషన్ ఒప్పందాలకే వర్తిస్తుందని కూడా చెప్పింది. పాత ఒప్పందాల చిక్కు ఏళ్ల తరబడి సాగింది, ఈలోగా విదేశీ పీఠం అలవాటుగా స్థిరపడింది. ఇద్దరు భారతీయులే పక్షాలైనా విదేశాన్ని పీఠంగా ఎంచుకోవచ్చని 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేశాక ఆ దారి మరింత సుగమమైంది.

విదేశీ న్యాయవాదులు వచ్చి సలహా ఇచ్చి వెళ్లవచ్చని, అయితే ఆర్బిట్రేషన్ నడిపే సంపూర్ణ హక్కు వారికి లేదని 2018 మార్చి 13న బాలాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటి నిబంధనలకు ఆ తీర్పే ఆధారం. విదేశీ పక్షం తన న్యాయవాదిని వెంట తెచ్చుకోలేని చోటును పీఠంగా ఎంచుకోదు. అది రాకపోతే అవతలి పక్షాన నిలబడే మన న్యాయవాదికీ పని రాదు. 2021 డిసెంబరులో హైదరాబాద్‌లో ప్రారంభమైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రానికి కేసులు రావడం కూడా దీనితో ముడిపడినదే.

సికింద్రాబాద్ దావా అంత త్వరగా ముగియలేదు. సత్యం ఖాతాల మోసం 2009లో బయటపడ్డాక, ఆ వాస్తవాలనూ అర్జీలో చేర్చేందుకు 2010లో సుప్రీంకోర్టు వెంచర్‌కు అనుమతిచ్చింది. తర్వాత సత్యం టెక్ మహీంద్రాలో విలీనమైంది. 2006లో లండన్ నిబంధనల కింద తేలిందనుకున్న వివాదంపై 2017లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు రాశారు.